బెజవాడ బండ్లు – పరదేశపు పోటీ

ఆంధ్రదేశమున బెజవాడ నెరుగని సోదరి యుండదు. దుర్గమ్మ దర్శనమునకో, కృష్ణా పుష్కరములకో, పెండ్లి బట్టలు కొనుటకో, తుదకు రైలు మారుటకో, యేదో యొకనాడు మనలో ననేకులము ఆ యూర నడుగిడిన వారమే. ఇంద్రకీలాద్రిని గూర్చియు, కృష్ణవేణిని గూర్చియు ఎందరో వ్రాసియున్నారు. కాని యా నగరముననే మరియొక చూడదగిన తావు గలదు. అందు గోపురము లేదు, గంట లేదు. సమ్మెట చప్పుడే మేళము, ఇనుము కాలిన వాసనయే ధూపము. అది ఆటోనగరము. మే మీ వేసవిని ఆటోనగరమును, అచట సిద్ధమైన బండ్లు తిరుగాడు కృష్ణా డెల్టా గ్రామములను కొన్నింటిని చూచి వచ్చితిమి. చూచినది సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసము.

“లారీల ముచ్చట పురుషులది గదా, మనకేల?” అని కొంద రనవచ్చును. మన వంటింటికి వచ్చు బియ్యము, చేప, మామిడిపండు, అరటిగెల అన్నియు నేదో యొక బండి మీదనే వచ్చుచున్నవి. అంతకంటె దగ్గరి సంబంధము వేరొకటి గలదు. డెల్టాలో సరకు బండి కొను ప్రతి యింటను, మొదటి సొమ్ము కట్టుటకు తరచుగా కుదువబోవునది ఇల్లాలి గాజులే. కావున ఏ బండి మంచిది, ఏది నిలుచును, ఏది ఇల్లు గుల్ల చేయును అను విచారము మనది కూడ.

పూర్వ మీ సీమలో సరకు మోసినది నీరు. కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట తూర్పు పడమరలకు కాలువలు సాగినవి. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. ధాన్యపు బస్తాలు, ఉప్పు, కట్టెలు, కొత్త కోడలి సారె సామాను సయితము పడవలలోనే పోయెడివి. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగుహాము కాలువలో బడి చెన్నపట్టణము వరకు పోవు పడవ లుండెడివి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన యేర్పడినది. గ్రామము నుండి స్టేషనుకు రెండెడ్ల బండి, స్టేషను నుండి రైలు. 1952లో పాత యానకట్ట తెగగా, దానికి బదులు 1957లో ప్రకాశము బరాజు నిలిచినది. దానిపై బాట యేర్పడుటతో నదికి ఇరువైపుల సీమలు రోడ్డు బండికి మరింత దగ్గరయైనవి. నేడు చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు బాటయు, హైదరాబాదు నుండి బందరుకు పోవు బాటయు బెజవాడలోనే కలియుచున్నవి. ఆ కూడలి పేరు బెంజి సర్కిలు. ఒకప్పటి బెంజి లారీల పేరే దానికి నిలిచినదని నగరవాసులు చెప్పుదురు.

ఇట్లు నాలుగు దిక్కుల బాటలు కలిసిన చోట బండి బాగుచేయువారు గుమిగూడుట సహజము. వారి కొరకు 1960వ దశాబ్దమున నగరమునకు తూర్పున వెలసినదే జవహర్ ఆటోనగరము. మొండి చాసీగా వచ్చిన లారీ యిచట బాడీ కట్టించుకొని పెండ్లికూతురై వెలికి వచ్చును. ఒక వీధిలో కమాను కట్టలు విప్పి బిగించుచుందురు. మరియొక వీధిలో ఇంజనులు గుండె తెరచినట్లు పరచియుండును. పాత బండ్ల నూడదీసి భాగములమ్ము కొట్లు, టైర్లకు మరల రబ్బరు పోయు కొట్లు, రేడియేటరుకు మాటు వేయువారు, రంగులు వేసి తలుపులపై నెమలిని, పద్మమును చిత్రించువారు, ఒక్కొక్కరిది ఒక్కొక్క విద్య. ఈ విద్య బడిలో నేర్చినది కాదు. మేనమామ వద్దనో, అన్న వద్దనో పానా లందించుచు నేర్చినది. క్రొత్త బండి సిద్ధము కాగానే దుర్గమ్మ కొండ క్రిందికి కొనిపోయి పూజ చేయింతురు. చక్రము క్రింద నిమ్మకాయ యుంచుటయు, అద్దమునకు బొట్టు పెట్టుటయు ఇల్లాలి పని.

ఇచ్చట చిరకాలముగా రాజ్యమేలినవి రెండు పేర్లు: టాటా, అశోక్ లేలాండు. చిన్న సరకు బండ్లలో మూడవది మహీంద్రా. వీనిని మనము స్వదేశీ బండ్లందుము, నిజమే. కాని వీని జాతకము చూచినచో మూడింటికిని పరదేశపు ఉగ్గుపాలు గలవు. టాటా సంస్థ 1954లో జర్మనీ దేశపు డైమ్లరు బెంజి సంస్థతో కూడి జంషెడ్పూరులో లారీలు చేయ మొదలిడినది. ఆ పొత్తు 1969తో ముగిసినది. చెన్నపట్టణపు అశోకు మోటార్సు 1948లో ఇంగ్లాండువారి ఆస్టిను కార్లు కూర్చుటకు పుట్టి, పిదప లేలాండు వారితో చేయి కలిపి, 1955లో అశోక్ లేలాండు ఐనది. మహీంద్రా వారు 1947 ప్రాంతమున అమెరికా విల్లీసు జీపుతో బండ్ల వ్యాపారమున కడుగిడిరి. నారు తెచ్చినది పరాయి మడి నుండి. వేరు పారినది మన నేలలో. ముప్పది, నలుబది యేండ్లు మన గతుకులను, మన యెండను, మన యధిక భారములను మోసి మోసి యవి మనవైనవి.

అట్టి వేరూనిన చెట్లతో క్రొత్త పరదేశపు మొక్క పోటీపడ వచ్చిన కథ మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. 1980వ దశాబ్దమున భారత ప్రభుత్వమువారు తేలికపాటి లారీల కొరకు జపాను సంస్థలతో పొత్తులకు సెలవిచ్చిరి. ఒకేసారి నాలుగు జతలు బయలుదేరినవి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్డా, ఐషరు మిత్సుబిషి, అల్విన్ నిస్సాను. ఈ నాల్గవది మన తెలుగువారిది. హైదరాబాదు అల్విన్ అన్న పేరు ఆనాటి గృహిణులకు చిరపరిచితము. ఎందరి యిండ్లలోనో అల్విన్ రిఫ్రిజిరేటరు, అల్విన్ చేతి గడియారము నుండెడివి. ఆ సంస్థయే జహీరాబాదులో నిస్సాను లారీల కర్మాగారము పెట్టినది. ఆ బండ్లు చూడ ముచ్చటగా నుండెడివి. పెద్ద లారీల రొద లేదు, నడుపువానికి నడుము నొప్పి తక్కువ, డీజిలు తక్కువ త్రాగును. ఇక టాటా పని యైనదని పలువురు తలచిరి.

జరిగిన దందుకు విరుద్ధము. టాటావారు 1986లో 407 అను చిన్న లారీని దింపిరి. అది జపాను బండ్లంత నాజూకు కాదు. కాని మన మేస్త్రీ చేతికి లొంగునది, భాగములు ఊరూర దొరకునది. ఇంతలో జపాను నాణెమగు యెన్ను విలువ 1985 తరువాత బాగుగ పెరిగినది. జపాను నుండి భాగములు తెప్పించుకొను సంస్థలకు ఖర్చు తడిసి మోపెడైనది. అల్విన్ నిస్సాను 1989లో మహీంద్రావారి చేతికి పోయినది. జహీరాబాదు కర్మాగారము తేలిక బండ్లును, ట్రాక్టర్లును చేయు మహీంద్రా కర్మాగారమైనది. డీసీఎం టొయోటా 1990వ దశాబ్దమున కొరియా వారి దేవూ పాలైనది. స్వరాజ్ మజ్డా 2011లో ఎస్.ఎం.ఎల్. ఇసుజు అని పేరు మార్చుకొని, 2025లో అదియు మహీంద్రావారి క్రిందికే చేరినది. ఐషరు ఒక్కటే తన పేరు నిలుపుకొని, 2008లో స్వీడను దేశపు వోల్వోతో మరల పెండ్లియాడినది. నలుగురు అల్లుండ్రు వచ్చిరి. వచ్చిననాటి పొత్తుతో నేడొక్కరును లేరు.

ఈ పోరాటమున ఇల్లాండ్రు గ్రహింపదగిన నీతి యొకటి గలదు. బండి గెలుచుటయు ఓడుటయు కర్మాగారపు వాకిట తేలునది కాదు. చెడిపోయిననాడు, ఊరి పొలిమేరలో, రాత్రి పది గంటలకు తేలును. ఆ వేళ భాగము దొరకునా? దొరికిన వెల యెంత? బిగించువాడెవ్వడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని బండి యెంత యందమైనదైనను డెల్టాలో నిలువజాలదు.

తరువాతి మార్పు చిన్న బండితో వచ్చినది. 2005లో టాటావారు ఏస్ అను బుడత బండిని తెచ్చిరి. రెండు సిలిండర్ల ఇంజను, ముప్పాతిక టన్ను మోత. ఉత్తరాది వారు దానికి “ఛోటా హాథీ”, అనగా చిన్న ఏనుగు, అని ముద్దుపేరు పెట్టిరి. కాలువ గట్ల యిరుకు దారులలో లారీ తిరుగలేని చోటికి నది పోగలిగినది. కూలికి లారీ తోలినవా డెందరో దానితో సొంత బండి యజమానులైరి. దానికంటె కొంచెము పెద్దవిగా మహీంద్రా బొలేరో పికప్పు, 2011లో వచ్చిన అశోక్ లేలాండు దోస్తు మొదలగునవి పేటలన్నియు నిండినవి.

ఇట్టి తరుణమున జపాను రెండవసారి వచ్చినది. ఈ మారు భాగములు మోసికొని రాలేదు, కర్మాగారమునే తెచ్చినది. చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, మన రాష్ట్రపు సరిహద్దులోని శ్రీసిటీలో, ఇసుజు సంస్థ 2016 ఏప్రిలులో తన పికప్పు బండ్ల కర్మాగారము తెరచినది. మొదట ఏడాదికి 50,000 బండ్లు చేయగల యేర్పాటు. శ్రీసిటీ కర్మాగారములలో పనిచేయువారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో నుండుట మనకు సంతోషకరము. ఇసుజువారు రెండు తరగతుల బండ్లు దింపిరి. ఒకటి డి-మాక్సు అను సరకు పికప్పు. రెండవది వీ-క్రాసు, ముందు కారువలె నాలుగు తలుపులు, ఐదుగురు కూర్చుండు తావు, వెనుక సరకు తొట్టి. 2022లో టొయోటావారు హైలక్సు అను మరింత ఖరీదైన పికప్పును తెచ్చిరి. తెచ్చిననాడే దాని వెల సుమారు 34 లక్షల రూపాయలు.

ఆటోనగరమున ఒక పెద్ద మేస్త్రీని ఈ పరదేశపు బండ్ల సంగతి యడిగితిమి. ఆయన చేతి జిడ్డు తుడుచుకొని, “అమ్మా, ఇంజను మాటకొస్తే వంక పెట్టలేము. నోరు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. కాని దాని సామాను నా కొట్టు ఎదుట దొరకదు. నా కుర్రవాళ్లు కళ్లు మూసుకొని విప్పేది పాత బండ్లనే” అని నవ్వెను. ఆ నవ్వులో ద్వేషము లేదు. తాను నేర్చిన విద్యకు క్రొత్త పాఠము వచ్చి పడినదన్న యెరుక మాత్రము గలదు. క్రొత్త బండ్లకు పానా చాలదు, కంప్యూటరు తగిలించి రోగము కనుగొనవలెను. మేనమామ వద్ద నేర్చిన విద్య కిది గడ్డుకాలమే.

మేము నగరము విడిచి గ్రామముల దారి పట్టితిమి. మొదట నున్న. వేసవి మామిడి విపణికి పేరుపడిన యూరు. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ గుట్టలు గుట్టలుగా దిగుచుండెను. తోటల నుండి వచ్చినవి దాదాపుగా అన్నియు స్వదేశీ పికప్పులు, ట్రాక్టర్లు. వరిగడ్డి పరచి కాయ దించుటలో ఆడుకూలీల నేర్పు చూడదగినది. ఒక్క కాయ కందిన, వెల సగమగును. కమానులు గట్టివైన బండి బరువు మోయును గాని కాయను కుదుపును. మెత్తని బండిలో కాయ చెడదు గాని బరువు పట్టదు. ఒక బండికున్న గుణమే మరియొక సరకున కవగుణమగుట ఇచ్చట ప్రత్యక్షముగా కంటిమి.

ఉయ్యూరు దారిలో చెరకు కాలము గడచినది గాన బండ్లు తక్కువ. పెడనలో కలంకారి అద్దకపు వస్త్రములు మూటలు గట్టి చిన్న బండ్లలో వేయుచుండిరి. ఆ మూటలు తేలిక, కాని వాన చుక్క పడరాదు. కైకలూరు వైపు పోయిన లోకమే వేరు. చేపల చెరువులు కనుచూపు మేర. చెరువు గట్టుపై జారుడు మన్ను, చిన్న బండ్లలో ఐసు, చేపల పెట్టెలు. గట్టు నుండి చిన్న బండి, రోడ్డు మీద పెద్ద లారీ. ఆ లారీలు కలకత్తాకు, అస్సాము సీమకు పోవును. నాలుగు చక్రములును త్రిప్పు పరదేశపు పికప్పు లొకటి రెండు చెరువుల యజమానుల వాకిండ్ల కనబడినవి. తడిసిన గట్టుమీద అవి చిక్కుకొనక యెక్కుట మేము చూచితిమి. కాని వాని తొట్టిలో చేపలు లేవు. రెండు మేత బస్తాలు, ఒక పిల్లవాని సైకిలు మాత్రముండెను. గొప్పింటి బండి సరకు బండి యగునా, యింటి బండి యగునా యన్నది ఇంకను తేలలేదని మాకు తోచినది.

ఉయ్యూరునకు సమీపమున ఒక గ్రామములో, పికప్పు నడుపు కుటుంబపు ఇల్లాలు మాకు మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టెను. ఆమె గోడ క్యాలెండరుపై ప్రతిదినము మూడంకెలు వేయుచుండును: వచ్చిన కిరాయి, పోసిన డీజిలు, మిగిలినది. వాయిదా కట్టు దినమునకు ఎర్ర గీత. “మావారికి పెద్ద బండి మీద మనసండీ. నేనేమో, ముందు నా గొలుసు బ్యాంకులోంచి ఇంటికి రానివ్వండి, తరువాత మీ పెద్ద బండి అన్నాను” అని చెప్పి సిగ్గుపడెను. భర్త కోపించెనా యని యడిగితిమి. “రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు క్యాలెండరు తిరగేసి చూశారు” అనెను. మేము పెద్ద పెద్ద సంస్థల కథలు విని పోయితిమి. ఆ కథలన్నిటి తీర్పు ఆ గోడమీద నున్నది.

ఆ లెక్కను మన సోదరీమణుల కొరకు ఇంకొంచెము విప్పి చూపెదము. ఎనిమిది లక్షల యప్పును నూటికి ఏడాదికి పది వడ్డీతో ఐదేండ్లలో తీర్చవలెనన్న, నెలకు సుమారు 17,000 రూపాయలు కట్టవలెను. ఇరువది లక్షల యప్పైనచో అదే లెక్కన నెలకు సుమారు 42,500. నెలలో ఇరువదియైదు దినములు బండి తిరిగెననుకొందము. మొదటి దానికి వాయిదా కొరకే దినమునకు 680 మిగులవలెను, రెండవదానికి 1,700. డీజిలు, టైర్లు, బాగుచేత, నడుపువాని బత్తెము, ఇంటి బియ్యము, పిల్లల జీతము ఇవన్నియు దానిపైన. ఖరీదైన బండి దినమునకు వేయి రూపాయలకు పైగా ఎక్కువ తెచ్చునా? తెచ్చినచో మంచిదే. తేనిచో ఆ గొప్ప ఇల్లాలి మెడ నుండి పోవలసినదే.

భీమా విషయమును మరువరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి బెజవాడలో సింగునగరము మొదలగు పేటలు మునిగినవి. ఆ దినములలోనే ప్రకాశము బరాజు వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద పారినది. వాకిట నిలిపిన ఆటోలు, చిన్న సరకు బండ్లు నీటి పాలైనవి. ఎదుటివారికి కలుగు నష్టమునకు మాత్రమే కట్టిన భీమా సొంత బండి మునిగినపుడు పనికి రాదు. ఈ తేడా తెలియక చౌక పత్రముతో తృప్తిపడుట పొరపాటు. కొనునాడే పూర్తి భీమా కట్టుటయు, పత్రము తెలుగులో చదివించుకొని వినుటయు మన విధి.

ఈ పోటీ మన యొక్క దేశముననే గలదనుకొనరాదు. పెద్ద పికప్పులకు పుట్టినిల్లు అమెరికా. అచట ఫోర్డు, షెవ్రొలెట్ అనునవి మనకు టాటా, లేలాండుల వంటివి. ఫోర్డు వారి ఎఫ్ వరుస బండ్లు 1977 నుండి ఆ దేశపు పికప్పు విక్రయములలో మొదటి స్థానమున నున్నవి. వానితో తలపడ టొయోటా 1999లో టండ్రా అను పెద్ద పికప్పును తెచ్చి, 2006లో టెక్సాసులోని సాన్ ఆంటోనియోలో దానికి కర్మాగారము నెలకొల్పినది. నిస్సాను 2003లో టైటాను అను బండిని తెచ్చి, 2024లో విరమించుకొనినది. వింత యేమనగా, బయటి నుండి వచ్చు పికప్పులపై ఆ దేశమున 1964 నుండి నూటికి ఇరువదియైదు సుంకము గలదు. దానికి మూలము కోడిమాంసము! ఐరోపావారు అమెరికా కోళ్లపై సుంకము పెంచగా, అమెరికావారు పగ తీర్చుకొని లారీలపై వేసిరి. కోడి పేరు చెప్పి లారీని ఆపిన ఆ సుంకము వలన, పరదేశీయులు ఆ గడ్డమీదనే కర్మాగారము కట్టక తప్పలేదు. అక్కడ బండి కట్టినవారిలో కొందరు నిలిచిరి, నిలువలేనివారు పోయిరి. శ్రీసిటీ సంగతియు ఇట్లే పరీక్షకు నిలువవలసి యున్నది.

మన స్వదేశీ సంస్థలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అశోక్ లేలాండువారు బాపులపాడు మండలములోని మల్లవల్లిలో, డెల్టా గుమ్మముననే, బస్సుల కర్మాగారమును 2025 మార్చిలో తెరచిరి. ఒకప్పుడు ఆటోనగరమునకు బాడీ కట్టించుకొన వచ్చిన పని ఇకముందు కర్మాగారముననే కొంత జరుగును. అందుచే కొందరికి క్రొత్త యుద్యోగములు వచ్చును, కొందరు మేస్త్రీల పని తగ్గును. పోటీ యన్నది పరదేశమునకు స్వదేశమునకు నడుమ మాత్రమే కాదు; పాత పనికి క్రొత్త పనికి నడుమ గూడ నున్నది.

కావున సోదరీమణులకు మా మనవి యిది. పరదేశపు బండి యని వెరవనక్కరలేదు, స్వదేశపు బండి యని కన్నులు మూసికొన నక్కరలేదు. నేటి స్వదేశీయములు ఒకనాటి పరదేశీయములే. మన యూరి మేస్త్రీకి లొంగినది, మన యూర భాగము దొరకునది, మన సరకునకు దగినది, మన యింటి క్యాలెండరుపై ఎర్ర గీత దాటగలిగినది ఏదో అదియే మన బండి. మగవారు ఇంజను చూతురు గాక. మనము వాయిదా చూతము. పత్రముపై సంతకము పెట్టుటకు ముందు ఇల్లాలు ఒక్క పూట కూర్చుండి ఆ లెక్క వేసినచో, చక్రము క్రింద పెట్టిన నిమ్మకాయ కంటె అది యా బండికి గొప్ప రక్ష కాగలదు.